చెవిలో ఖంగుమన్న చక్రం

సూదిమందు వేయించుకుంటున్న రోజుల్లో మీ చెవిలో గంట మోగితే సంతోషపడకండి. ఆ పూటే నర్సుకు చెప్పండి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మొదటి కారణం అదే. రెండో కారణం మా దేవదానం మాస్టారు. రాయమన్నది ఆయనే. చదివి తప్పులు దిద్దడానికి ఇప్పుడాయన లేరు.

నా పేరు అప్పలసామి. మా నాన్న చీపురుపల్లి పక్క పల్లె నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కారఖానాలో కూలిపనికి వచ్చాడు. నేను ఇక్కడి క్వార్టర్సులోనే పుట్టాను. నా పని చక్రాలు కొట్టి చూడడం. బండి ప్లాట్‌ఫారం మీద ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని పట్టాల పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ ఒక్క దెబ్బ కొడతాను. మంచి చక్రం ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు నిలబడుతుంది. బీట పడిన చక్రం మొద్దుగా పలుకుతుంది. కంటికి ఆనని బీటను చెవి పట్టేస్తుంది. అలాంటి పెట్టె మీద సుద్దతో గుర్తు వేస్తే దాన్ని విడదీసి సిక్ లైనుకు, అంటే జబ్బు పెట్టెలను నిలబెట్టే పట్టా మీదకు, లాక్కుపోతారు. పద్నాలుగేళ్ళలో నేను వదిలేసిన బీట ఒక్కటీ లేదు. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటారేమో, అనుకోండి, అది గొప్పే. మా క్వార్టర్సు లైను ఆడవాళ్ళు గోల్‌బజారులో ఇత్తడి బిందె కొనాలన్నా, వేసవికి మట్టికుండ కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. నేను వేలితో కొట్టి తల ఊపితేనే బేరం మొదలయ్యేది.

ఆ యేడు వేసవిలో దగ్గు పట్టుకుంది. బొగ్గుపొగ అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎండ అనుకున్నాను. అనుకోడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. జ్యేష్ఠంలో ఒక పొద్దున మా ఆవిడ సూరమ్మ నా తువ్వాలు ఉతకబోయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటిది? కిళ్ళీ మరకా?"

"ఊఁ."

"నువ్వెప్పుడు కిళ్ళీ నమిలినావు?"

ఆవిడ మా మూడేళ్ళ పాపను చంకనేసుకుని పక్కింట్లో దింపి వచ్చి, నా చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పదిమందిమి కూచున్నాం. ఎవరు దగ్గినా పక్కవాడు బెత్తెడు జరిగేవాడు. అలా జరిగి జరిగి మా బల్ల చివర ఒకాయన నిలబడిపోయాడు. నవ్వొచ్చింది గాని నవ్వితే దగ్గొస్తుందని భయం వేసింది.

డాక్టరు బాబు చొక్కా విప్పించి, ఎడమచెయ్యి నా వీపు మీద పరిచి కుడిచేతి వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. పైన బాగానే పలికింది. ఎడమవైపు బాగుంది. కుడివైపు కిందకి వచ్చేసరికి మోత మారింది. ఎన్ని వేల చక్రాల్లో విన్నానో ఆ శబ్దాన్ని.

"డాక్టరు బాబూ, అక్కడే," అన్నాను. "బీట అక్కడే ఉంది."

ఆయన వేలు ఆగింది. నా పక్కన నిలబడ్డ సూరమ్మ ముఖంలోకి చూశాడు. ఎక్స్‌రే ఫోటో తీయిస్తే మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. అప్పట్లో క్షయ అన్న మాటను ఎవరూ గట్టిగా పలికేవారు కాదు. ఆయనా పలకలేదు. వార్డుకు కాగితం రాసిచ్చాడు. నా మీద సుద్దగుర్తు పడింది.

ఆ వార్డు ఊరికి ఎడంగా ఉండేది. పొడుగాటి పెంకుటిల్లు, రెండు వరసల ఇనపమంచాలు, ప్రతి మంచం కింద మూతున్న ఉమ్మి డబ్బా. ఇంటివాళ్ళు కిటికీ బయట నిలబడి మాట్లాడాలి. సూరమ్మ రోజు విడిచి రోజు క్యారేజీ తెచ్చేది. పాపను తేనిచ్చేవారు కాదు. మా లైనులో పిల్లలు పాపతో ఆడడం మానేశారని ఆవిడ చెప్పలేదు, నేనే పసిగట్టాను. పాపకు కొత్తగా తనతో తను మాట్లాడుకునే అలవాటు వచ్చిందని మురిపెంగా చెప్పినప్పుడు అర్థమైంది.

నా పక్క మంచం దేవదానం మాస్టారిది. తెలుగు బడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. కిరస్తానీ. దిండు కింద నల్ల అట్ట సువార్త పుస్తకం ఉండేది. నన్ను మతంలో కలపడానికి చూస్తాడేమోనని మొదట ముడుచుకుని పడుకున్నాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

"కథ చదివినట్టు చదువుదాం, అప్పలసామీ," అన్నారు. "ఎవడు ఏ మాట ఎందుకన్నాడో చూద్దాం. భక్తి తర్వాత సంగతి."

అలా మధ్యాహ్నాలు గడిచేవి. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డంగా ఉంటే ఇంటి కప్పు విప్పి మంచంతో సహా లోపలికి దింపిన కథ చదివారు ఒకరోజు. ఏం తోచిందని అడిగారు.

"మరి ఆ కప్పు మళ్ళీ ఎవులు నేసినారు మాస్టారూ? ఆ ఇంటోడి గతేటి?"

మాస్టారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "పాతికేళ్ళు ఈ కథ చెప్పాను. ఒక్క పిల్లాడూ ఈ మాట అడగలేదు. నువ్వు పనివాడివి గనక నీకు తట్టింది," అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఆ పుస్తకం అంటే బెరుకు పోయింది. అందులో అంతా జబ్బు మనుషులే, వరండాలో బల్ల మీద కూచున్న మాలాంటివాళ్ళే.

రోజూ పొద్దున్నే నర్సు మాయా దీదీ వచ్చి సూది వేసేది. బెంగాలీ పిల్ల, మా తెలుగువాళ్ళతో మసలి మసలి తెలుగు పట్టేసింది. సూది తీస్తూ అందరినీ ఒకే ప్రశ్న అడిగేది.

"కాన్‌లో ఆవాజ్ ఉందా, దాదా? సెవిలో గోల ఏటైనా? తల తిరిగిందా?"

ఈ మందు కొందరికి చెవుల మీద పడుతుందని, మొదట్లోనే చెబితే ఆపేస్తారని ఆమే వివరంగా చెప్పింది.

"నా సెవులకేటి దీదీ!" అన్నాను. "ఇవే గదా నా అన్నం. సెవులు పోయిన్నాటికి నానూ పోతే మేలు."

మాస్టారు పుస్తకం మీంచి తల ఎత్తి నన్ను చూశారు. "నాకూ పోయినేడు ఈ సూదే ఇచ్చారు. ఆపేశారు," అన్నారు. ఎందుకో చెప్పలేదు. మళ్ళీ పేజీలో తల పెట్టేశారు.

శ్రావణంలో వానలు పట్టాయి. ఆ తడి మధ్యాహ్నాల్లోనే చెవిటివాడి కథ వచ్చింది. ప్రభువు వాణ్ణి జనంలోంచి పక్కకి తీసుకుపోతాడు. చెవుల్లో వేళ్ళు పెడతాడు. ఉమ్ముతాడు, వాడి నాలుక ముట్టుకుంటాడు. మా వార్డులో ఉమ్మంటే మృత్యువు. డబ్బా మూత తెరుచుకుంటే అందరం ముఖం తిప్పుకునేవాళ్ళం. ఉమ్ముతో బాగుచేశాడని వినేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత ప్రభువు ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తాడు. అప్పుడు చెవులు తెరుచుకుంటాయి.

"ఎందుకు నిట్టూర్చాడు?" అన్నారు మాస్టారు. "బాగుచేసేవాడు సంతోషించాలి కదా."

"పాపం, ఇంక ఆడు ఊళ్ళో గోలంతా ఇనాల గదా, అందుకు."

"అదొక జవాబే. ఇంకోటి ఉంది, ఆలోచించు," అన్నారు. నాకు తట్టలేదు.

భాద్రపదంలో ఒక పొద్దున లేచేసరికి నా చెవుల్లో చక్రం మోగుతోంది. దూరంగా ఎవరో మంచి ఉక్కుచక్రాన్ని కొట్టి పోయినట్టు, ఆ ఖంగు ఆగకుండా నిలబడినట్టు. కారఖానా ఏమోనని కిటికీలోంచి చెవి పెట్టాను. కాదు, నాలోనే. మంచం మీద కూచుని ఏడ్చేశాను. జ్యేష్ఠంలో మొద్దుగా పలికిన ఒళ్ళు ఇప్పుడు ఖంగుమంటోంది! నా పనిలో ఇంతకంటే మంచి కబురు లేదు. బీట పూడిపోతోంది. మాస్టారి ప్రభువే నా చెవిలో వేలు పెట్టి ఈ సంగతి చెబుతున్నాడు అనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆయనకు దండం పెట్టాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఈ ఊళ్ళో ఏ బడిపంతులూ ఏ గుమాస్తా ఈ తప్పు చేసి ఉండడు. చక్రాలు కొట్టేవాడే చేస్తాడు.

దీదీ వచ్చి అడిగింది. "ఆవాజ్ ఉందా, దాదా?"

"లేదు దీదీ. అంతా ఠీక్ హై."

అబద్ధం అనిపించలేదు. ఆమె అడిగేది చెడ్డ గోల గురించి, నాది మంచి మోత. చెబితే సూది ఆపేస్తారు, వచ్చిన బాగు వచ్చినట్టే పోతుంది. మాస్టారికి మాత్రం నాలుగో రోజు చెప్పకుండా ఉండలేకపోయాను.

"మాస్టారూ, నా లోపల సక్రం మోగతంది. బాగైపోతన్నాను."

ఆయన పుస్తకం మూశారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు రోజులు."

"దీదీకి చెప్పావా?"

"లేదు."

చాలాసేపు కిటికీ వైపు చూశారు. బయట వాన కూడా లేదు చూడ్డానికి. తర్వాత ఆయన్లోంచి పొడుగాటి ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. "సరే," అన్నారు. అలసిపోయారనుకుని నేను పక్కకి తిరిగి పడుకున్నాను.

ఆ తర్వాత వార్డు మారిపోయింది. జనం గొంతులు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. కారఖానా కూత సన్నబడింది. దీదీ నా మంచం దగ్గర పెదాలు కదిపి వెళ్ళిపోయేది. చావబోయే మనిషి దగ్గరే అందరూ అలా గుసగుసలాడతారు. నా సంగతి దాస్తున్నారా అని భయపడ్డాను. కాని ఒంట్లో ఓపిక పెరుగుతోంది, ఆకలి వేస్తోంది. అయితే ఎవరు పోతున్నట్టు? చూపు పక్క మంచం మీదకు పోయింది. మాస్టారి గొంతు రోజురోజుకూ సన్నగిల్లిపోతోంది. చదువుతుంటే సగం మాటలు అందడం లేదు. ఆయనలో శక్తి హరించుకుపోతోందని నాకు దిగులు పట్టుకుంది. ఆయన కోసం కూడా దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే అడిగేవాణ్ణి.

"కాస్త గట్టిగా సదవండి మాస్టారూ."

చదివేవారు. మర్నాడు మళ్ళీ అడిగేవాణ్ణి. మళ్ళీ పెంచేవారు. చివరికి నా మంచం అంచున కూచుని, మెడనరాలు ఉబ్బేలా చదివేవారు. దీదీ వచ్చి ఆయన మీద చేతులు తిప్పుతూ కోప్పడేది. ఈ జబ్బుకు గొంతెత్తడం మహా చెడుపు. అది నాకూ తెలుసు. తెలిసి కూడా గట్టిగా అని అడిగాను.

దుర్గాపూజలకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, చదువుతూ చదువుతూ ఆగారు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. తువ్వాలు చాలలేదు. పుస్తకం మీద, నా దుప్పటి మీద, నేల మీద. ఏ శబ్దమూ లేదు. ఆయన గొంతులో ఏ చప్పుడూ లేకుండా అంత రక్తం ఎలా వస్తోందా అని బిత్తరపోయి చూస్తున్నాను. దీదీ పరిగెత్తుకొచ్చింది. ఆమె అడుగులకీ చప్పుడు లేదు.

మాస్టారు బతికారు. ఆనాటి నుంచి ఒక్క మాటా మాట్లాడకూడదని డాక్టరు బాబు అన్నాడు. ఆయన బడి పలక ఒకటి మంచానికి కట్టారు.

అష్టమి నాడు సూరమ్మ కొత్త చీరలో వచ్చింది. ఊళ్ళో ఇందా పేట వైపు పూజ డప్పులు దంచేస్తున్నారని తర్వాత తెలిసింది. నాకు మంచం ఇనపకడ్డీ మీద చెయ్యి వేస్తే వేళ్ళకు సన్నగా అదురు తగిలింది, అంతే. కిటికీ బయటి నుంచి ఏదో అడిగింది. నేను తల ఊపాను. ఇంకేదో అడిగింది. నవ్వాను. ఆవిడ ముఖం మారింది.

తర్వాత ఏం చేసిందో దీదీ చెబితే తెలిసింది. నేను మందు తాగడానికి అటు తిరిగినప్పుడు క్యారేజీలోంచి ఇత్తడి మూత తీసి కిటికీ ఊచకేసి ఒక్కటి కొట్టింది. వార్డంతా ఉలిక్కిపడి లేచి కూచుంది. నేను నీళ్ళు తాగుతున్నాను. పదేళ్ళ కిందట గోల్‌బజారులో నేను కొట్టి, విని, బాగుందని చెప్పి కొన్న క్యారేజీ అది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. గ్లాసు పెట్టి ఇటు తిరిగేసరికి ఆవిడ ఆ మూతను గుండెకు అదిమి పట్టుకుని ఏడుస్తోంది.

డాక్టరు బాబు వచ్చి వెనక నుంచి పిలిచాడట, చిటికెలు వేశాడట. దీదీ కాగితం మీద హిందీలో ముక్కలు రాసి చూపించింది. చెవులు పోయాయి, తిరిగి రావు. మందు చేసిన పని. రెండో కాగితంలో కొత్త ఫోటో సంగతి. ఊపిరితిత్తి మచ్చ మానింది, బతుకుతావు. రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. అప్పుడర్థమైంది, మాస్టారి గొంతు సన్నబడలేదు. నా చెవులు సన్నబడ్డాయి. ఉన్న గొంతును నా కోసం చించుకున్నారాయన.

పక్క మంచం వైపు తిరిగాను. మాస్టారు అప్పటికే పలక ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మెల్లగా రాసి నావైపు తిప్పారు.

"నువ్వు చెప్పిన రోజే నాకు తెలుసు."

తుడిచి మళ్ళీ రాశారు. "పోయినేడు నాకు గంట మోగింది. చెప్పాను. సూది ఆపారు. చెవులు మిగిలాయి, ఊపిరితిత్తులు పోయాయి."

మళ్ళీ తుడిచారు. "చెబితే నువ్వు చెవులే కోరుకుంటావు. అందుకని చెప్పలేదు. తప్పు నాదే."

ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. "నా సెవులు ఒదిలేడానికి మీరెవులు?" అన్నాను. తలలు అన్నీ ఇటు తిరిగాయి. మాస్టారు పలక బోర్లించి కళ్ళు మూసుకున్నారు. మూడు రోజులు ఆ మంచం వైపు చూడలేదు నేను. కోపం చల్లారాక సిగ్గు వచ్చింది, సిగ్గు పోయాక మళ్ళీ కోపం వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. దేవుడి మీద రావడం లేదు, అదేం చిత్రమో.

నన్ను ఇంటికి పంపించేసే రోజున సూరమ్మకు సంగతంతా చెప్పాను. ఆ పుస్తకం ఇంటికి తెస్తే పొయ్యిలో పెడతానన్న మనిషి అది. విని, మాస్టారి కిటికీ దగ్గరకు పోయి రెండు చేతులూ జోడించి చాలాసేపు నిలబడింది. వచ్చి నా గుండె మీద చెయ్యి వేసి ఏదో అంది. పెదాలు చూసి నేను పట్టుకున్న మొదటి మాట అదే. బతికినావు.

ఇంట్లో పాప వీధి గుమ్మం దగ్గరే నిలబడి నన్ను చూసింది. ఐదు నెలల్లో మరిచిపోయింది. రెండు రోజులు దగ్గరకు రాలేదు. మూడో రోజు వచ్చి నా చెవిలో నోరు పెట్టి ఏదో రహస్యం చెప్పింది. ఊపిరి వెచ్చగా తగిలింది. తల ఊపాను.

సుత్తి తీసేసుకున్నారు. ఇప్పుడు స్టోరులో నా పని. పొద్దున్నే వచ్చినవాళ్ళకు సుత్తులు ఇవ్వడం, సాయంత్రం తిరిగి పుచ్చుకోవడం. నేను బాప్తిస్మం పుచ్చుకోలేదు. పుస్తకమూ మూయలేదు. మాస్టారు నాకిచ్చేసిన ఆ నల్ల అట్ట పుస్తకాన్ని, రక్తపు మరకతో సహా, సూరమ్మ దేవుడి గూట్లో పెట్టి పసుపు బొట్టు కూడా పెట్టింది. మాస్టారికి చెబితే పలక మీద రాశారు, "ఉండనీ."

ఆదివారాలు వార్డుకు పోయేవాణ్ణి. ఇప్పుడు నేను చదవడం, ఆయన వినడం. నా గొంతు నాకు తెలియదు కాబట్టి ఆయన అరచెయ్యి కిందకి దించితే తగ్గించేవాణ్ణి, పైకెత్తితే పెంచేవాణ్ణి. మాఘంలో ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆయన గోడకు ఒరిగి కూచుని ఉన్నారు. మనిషి దుప్పటి మడతలా ఉన్నారు. ఇదంతా రాయమని అడిగింది ఆ రోజే. చెవిటివాడి కథ చదివించుకున్నారు. నిట్టూర్పు దగ్గరకు వచ్చాక ఆగమని, పలక అందుకున్నారు.

"డాక్టరు ఏమీ చెప్పడం లేదు. నువ్వు కొట్టి చెప్పు."

చొక్కా పైకి లాగి వీపు తిప్పారు. ఎముకల మీద చెయ్యి పరిచాను. వేలితో కొట్టాను. ఏమీ వినపడలేదు. వినపడాల్సిన పని లేకపోయింది. పైన, మధ్యలో, కింద, రెండు వైపులా, అంతా మొద్దేనని నా అరచేతికి తెలిసిపోయింది. పద్నాలుగేళ్ళ చెయ్యి అది.

ఆయన మెడ తిప్పి నా పెదాల వైపు చూస్తున్నారు.

"ఖంగుమంది మాస్టారూ," అన్నాను.

నేను వదిలేసిన బీట అదొక్కటే. ఆ మాట అనడానికి ముందు నాలోంచి పొడుగ్గా ఒక ఊపిరి వెళ్ళింది. అది నాకు వినపడలేదు. మాస్టారికి వినపడింది. ఆయన చెవులు మంచివి.